శక్తి పానీయములు – ఒత్తిడి హార్మోనులు – విద్యార్థి ఆరోగ్యము

“ఆరోగ్యమే మహాభాగ్యము” అని తెలుగులోను, “తందురుస్తీ హజార్ నేమత్ హై” అని ఉర్దూలోను మన పెద్దలు ఒకే సత్యమును చెప్పియున్నారు. ఈ రెండు భాషలును మన కళాశాల వరండాలలో ప్రతిదినము వినబడుచున్నవి. అయితే పరీక్షల మాసము సమీపించగానే ఉభయ భాషలవారమును ఈ మాటను ఒక్కసారే మరచిపోవుచున్నాము. తిరుపతి, చిత్తూరు పట్టణములలో బస్టాండు పక్కనున్న బడ్డీకొట్టు మొదలు కోచింగ్ కేంద్రముల ఎదుటనున్న దుకాణము వరకు శీతలపెట్టెలలో ఎరుపు, నీలము, పసుపుపచ్చ రంగుల సీసాలు, డబ్బాలు వరుసదీరి యున్నవి. వీటిలో కొన్ని 20 రూపాయలకే లభించును. “ఇది త్రాగిన నిద్ర రాదు, శక్తి వచ్చును” అన్నది వీటిని గురించి విద్యార్థులలో వ్యాపించిన నమ్మకము. ఈ నమ్మకములో మొదటి సగము నిజము. రెండవ సగము ఎంతవరకు నిజమో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. శక్తి అనగా నేమి?

శరీరములోని శక్తిని గురించి మాట్లాడునపుడు తెలుగువారు గర్వముతో స్మరింపదగిన పేరు ఒకటి కలదు. 1895లో భీమవరములో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో పరిశోధన సాగించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కేతో కలిసి కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి. అను పదార్థమును 1929లోను వెల్లడించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ ఎ.టి.పి.ని కనుగొనెను. ఎ.టి.పి. అనగా ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. మనము నడచినను, చదివినను, గుండె ఒక్కసారి కొట్టుకొన్నను ఖర్చగునది ఈ ఎ.టి.పి.యే. మనము తిను అన్నము, సంగటి, పప్పు, నూనె మొదలగు వాటి నుండి శరీరము దీనిని తయారుచేసికొనును.

ఇక శక్తి పానీయములో నున్నదేమి? నీరు, పంచదార, కెఫీన్, టారిన్, కొన్ని బి విటమినులు, రంగు, రుచి, వాయువు. వీనిలో ఎ.టి.పి. తయారగుటకు ఇంధనముగా పనికివచ్చునది పంచదార ఒక్కటియే. 250 మిల్లీలీటర్ల డబ్బాలో 27 గ్రాముల వరకు పంచదార కలిగిన రకములు ఉన్నవి. అది ఇంచుమించు 108 కేలరీలకు సమానము. అంత శక్తి ఒక గిన్నెడు అన్నములోనే లభించును. పంచదార లేని రకములలో అదియును లేదు. బి విటమినులు ఆహారము నుండి శక్తిని వెలికితీయుటకు తోడ్పడునే గాని, స్వయముగా శక్తి నీయవు. లోపము లేనివానికి అదనముగా ఇచ్చినంత మాత్రమున అదనపు బలము రాదు. టారిన్ 1827లో ఎద్దు పిత్తరసము నుండి వేరుచేయబడిన పదార్థము. దీనిని మన శరీరమే తయారుచేసికొనును.

కావున ఈ పానీయము త్రాగినపుడు కలుగు ఉత్సాహమునకు ప్రధాన కారణము కెఫీన్. అది శక్తిని సృష్టించదు. అలసటను కప్పిపుచ్చును. ఎట్లనగా, మెలకువగా నున్నంతసేపు మెదడులో ఎడినోసిన్ క్రమముగా చేరుచుండును. ఇది నాడీకణముల మీది గ్రాహకములను తాకి “ఇక విశ్రమింపుము” అని తెలుపును. కెఫీన్ అణువు ఎడినోసిన్‌ను పోలియుండుటచే ఆ గ్రాహకములలో తాను పోయి కూర్చుండును. తలుపు వద్ద అన్యుడు నిలిచినందున వార్త లోపలికి చేరదు. వార్త చేరకున్నను అలసట ఉండనే యుండును. కెఫీన్ తొలగినపుడు ఆగియున్న అలసట అంతయు ఒక్కసారి మీదపడుట ఇందువలననే.

2. కొంత చరిత్ర

కెఫీన్ మానవునికి క్రొత్తది కాదు. 15వ శతాబ్దములో యెమెన్ దేశపు సూఫీలు రాత్రివేళ జిక్ర్ చేయునపుడు మెలకువ కొరకు కాఫీ సేవించిరి. అక్కడి మోఖా రేవు నుండి బాబా బుడన్ అను సూఫీ మహనీయుడు ఏడు కాఫీ గింజలు తెచ్చి, నేటి కర్ణాటకములోని చిక్కమగళూరు ప్రాంతపు చంద్రగిరి కొండలలో నాటెనని 17వ శతాబ్దపు ఐతిహ్యము. (అది మన తిరుపతి సమీపమున నున్న చంద్రగిరి కాదు, పేరు మాత్రమే ఒకటి.) 1819లో జర్మను రసాయన శాస్త్రవేత్త రుంగే కాఫీ గింజల నుండి కెఫీన్‌ను వేరుచేసెను.

నేటి శక్తి పానీయములకు మూలము ఆసియాలోనే కలదు. జపానులో 1962లో లిపోవిటన్-డి అను చిన్న సీసా టానిక్కు బజారులోనికి వచ్చెను. అటుపిమ్మట థాయిలాండులో క్రాటింగ్ డేంగ్ అను పానీయము లారీ డ్రైవర్లలోను, కూలివారిలోను ప్రచారము పొందెను. దానిని మార్చి 1987లో ఆస్ట్రియాలో రెడ్ బుల్ అను పేర విడుదల చేసిరి. ఇట్లు కాయకష్టము చేయువారి టానిక్కు క్రమముగా యువకుల వేడుకపానీయమై, మన దేశములోను చౌక సీసాల రూపమున గ్రామముల వరకు చేరినది. చెన్నై నుండి బెంగళూరుకు పోవు రహదారి చిత్తూరు, పలమనేరుల మీదుగా సాగును. ఆ దారి వెంట దాబాలలో రాత్రి బండి నడపు డ్రైవర్లకును, మన వసతిగృహములలో రాత్రి చదువు విద్యార్థులకును నేడు ఒకే సీసా తోడైనది.

3. ఒత్తిడి హార్మోనులు పనిచేయు విధానము

మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న రెండు చిన్న గ్రంథులను అధివృక్క గ్రంథులందురు. అపాయము ఎదురైనపుడు నాడీమండలము వీని లోపలి భాగమును ప్రేరేపింపగా ఎడ్రినలిన్, నార్ ఎడ్రినలిన్ అను హార్మోనులు రక్తములోనికి వచ్చును. క్షణములలో గుండె వేగము హెచ్చును, రక్తపోటు పెరుగును, అరచేతులు చెమర్చును. పోరాడుటకో, పారిపోవుటకో శరీరము సిద్ధమగును. ఎడ్రినలిన్‌ను 1901లో జపాను శాస్త్రవేత్త జోకిచి తకమినే శుద్ధరూపమున వేరుచేసెను.

రెండవ మార్గము నెమ్మదిగా నడచును. మెదడులోని హైపోథలామస్ పీయూష గ్రంథికి, పీయూష గ్రంథి అధివృక్క గ్రంథి పైపొరకు ఆజ్ఞ పంపును. అప్పుడు కార్టిసాల్ విడుదలగును. ఇది కాలేయము నుండి రక్తములోనికి చక్కెరను విడిపించును, వాపును తగ్గించును, వ్యాధినిరోధక చర్యలను కొంత అణచును. అధివృక్క గ్రంథి పైపొర హార్మోనులపై కృషికి కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను మువ్వురికి 1950లో నోబెల్ బహుమానము లభించెను. దీర్ఘకాలపు ఒత్తిడి శరీరమును ఎట్లు క్షీణింపజేయునో 1936లో హాన్స్ సెల్యే మొదటిసారి వివరించెను.

కార్టిసాల్ శత్రువు కాదని గమనింపవలెను. అది లేనిదే మనిషి జీవింపలేడు. తెల్లవారి నిద్రలేచిన అరగంటలో అది అత్యధికముగా నుండును, పగలంతయు తగ్గుచు వచ్చి అర్ధరాత్రి వేళకు అత్యల్పమగును. ఈ లయ చెడినపుడే చిక్కు. అర్ధరాత్రి కార్టిసాల్ తగ్గవలసిన వేళ ఒక సీసా త్రాగి శరీరమును మేలుకొలుపుట, రాత్రి కావలివానిని పగటి పనికి పిలిచినట్లగును. నెలల తరబడి కార్టిసాల్ అధికముగా నున్నచో రక్తపోటు, రక్తములోని చక్కెర, నడుము చుట్టు కొవ్వు పెరుగుటకు అవకాశము కలదు. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ అను మెదడు భాగము కూడ ఈ హార్మోనుకు లోబడియున్నది.

4. పరిశోధనలు చెప్పునది

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2015లో ఆరోగ్యవంతులైన 25 మంది యువతీయువకులపై ఒక పరీక్ష జరిపిరి. ఒకదినము 240 మిల్లీగ్రాముల కెఫీన్ గల 480 మిల్లీలీటర్ల శక్తి పానీయమును, మరొకదినము అదే రుచి గలిగి కెఫీన్ మొదలగునవి లేని పానీయమును ఇచ్చిరి. అరగంట తరువాత చూడగా రక్తములోని నార్ ఎడ్రినలిన్ శక్తి పానీయము వలన సుమారు 74 శాతము, ఉత్త పానీయము వలన సుమారు 31 శాతము పెరిగెను. పై రక్తపోటు మొదటి దానితో 6 శాతము, రెండవ దానితో 3 శాతము హెచ్చెను. అనగా త్రాగినవాడు కుర్చీలో నెమ్మదిగా కూర్చొనియున్నను, అతని శరీరము కొంత అపాయములో ఉన్నట్లు ప్రవర్తించెను.

కార్టిసాల్‌ను గురించి 2005లో విలియం లొవాలో బృందము 48 మంది పురుషులు, 48 మంది స్త్రీలపై చేసిన పరిశోధన ముఖ్యమైనది. ఐదు దినములు కెఫీన్ మానినవారికి దానిని తిరిగి ఇచ్చినపుడు కార్టిసాల్ దినమంతయు స్పష్టముగా పెరిగెను. రోజుకు 300 మిల్లీగ్రాములు అలవాటుపడిన వారిలో ఉదయపు మోతాదుకు ఈ పెరుగుదల కనిపించలేదు గాని, మధ్యాహ్నపు మోతాదు తరువాత తిరిగి కనిపించెను. “మాకు అలవాటే, ఏమీ కాదు” అనువారు దీనిని గమనింపవలెను. అలవాటు పాక్షికమైన కవచము మాత్రమే.

వైద్యవిద్యార్థులపై 1980లలో అమెరికాలో జరిగిన పరిశీలనలు మరొక విషయమును తెలిపినవి. పరీక్షల ఒత్తిడి వలన పెరుగు రక్తపోటుకు కెఫీన్ వలన పెరుగు రక్తపోటు వచ్చి కలియును. సరిగా పరీక్షల వేళకే మనము ఈ సీసాలను ఎక్కువగా కొనుచున్నాము. ఒత్తిడి హార్మోనులు తామే హెచ్చియున్న సమయమున వానిని మరింత హెచ్చింపు వస్తువును కోరుకొనుచున్నామన్న మాట.

గుండె విషయమున 2019లో 34 మంది ఆరోగ్యవంతులపై జరిగిన మరొక పరీక్షలో, గంట వ్యవధిలో దాదాపు ఒక లీటరు శక్తి పానీయము త్రాగినవారి ఇ.సి.జి.లో క్యూ.టి. అను విరామము కొన్ని గంటలపాటు కొంచెము దీర్ఘమయ్యెను. ఆరోగ్యవంతులకు ఇది స్వల్పమే. కాని పుట్టుకతో గుండె లయలో దోషముండి, ఆ సంగతి తెలియనివారికి స్వల్పము కాకపోవచ్చును.

5. నిద్ర లెక్క

కెఫీన్ త్రాగిన అరగంట నుండి గంటలోపు రక్తములో గరిష్ఠస్థాయికి చేరును. పెద్దలలో అందు సగము తొలగుటకు సగటున 5 గంటలు పట్టును. రాత్రి 10 గంటలకు మూడు సీసాలు, ఒక్కొక్కటి 75 మిల్లీగ్రాముల చొప్పున 225 మిల్లీగ్రాములు త్రాగిన విద్యార్థిని ఊహింతము. తెల్లవారుజామున 3 గంటలకు అతని శరీరములో సుమారు 112 మిల్లీగ్రాములు మిగిలియుండును. అది నిండు కప్పు కాఫీతో సమానము. ఉదయము 8 గంటలకు, పరీక్షకు బయలుదేరునపుడు, ఇంకను 56 మిల్లీగ్రాములు ఉండును. పడుకొన్నను అతనికి గాఢనిద్ర రాదు. పడకకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసికొన్నను నిద్ర గంటకు పైగా తగ్గునని 2013 నాటి ఒక పరిశోధన తెలిపినది.

చదివినది మనస్సులో స్థిరపడునది నిద్రలోనే. పగలు హిప్పోకాంపస్‌లో తాత్కాలికముగా చేరిన విషయములు గాఢనిద్రలో మెదడు పైపొరకు చేరి నిలుచునని నాడీశాస్త్రజ్ఞుల అభిప్రాయము. రాత్రంతయు మేలుకొని చదివినవాడు పుస్తకమును చూచినాడే గాని, దానిని దాచుకొను గదికి తాళము వేసినాడు.

6. చట్టము, లేబులు, లెక్క

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఈ వస్తువులకు నిర్ణయించిన ప్రమాణమునకు పేరు “కెఫీన్ కలిపిన పానీయము”. లీటరుకు 145 మిల్లీగ్రాములకు తక్కువగాని, 300 మిల్లీగ్రాములకు ఎక్కువగాని కెఫీన్ ఉండరాదు. అనగా 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 36 నుండి 75 మిల్లీగ్రాములు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు, కెఫీన్ పడనివారికి తగదనియు, రోజుకు 500 మిల్లీలీటర్లకు మించరాదనియు లేబులుపై ముద్రింపవలెను. ఆ అక్షరములు మిక్కిలి చిన్నవి. పైగా ఆంగ్లములో నుండుటచే మన పల్లెలలోని తల్లిదండ్రులకు అందుట లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమములలో 150 మిల్లీలీటర్ల కాఫీలో 80 నుండి 120, టీలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండుననియు, రోజుకు మొత్తము 300 మిల్లీగ్రాములకు మించరాదనియు తెలిపినది. దీనిని చూచి కొందరు, “ఒక సీసాలో ఒక కప్పు కాఫీ పాటి కెఫీనే కదా, భయమెందుకు?” అనవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు ఎప్పుడో ఒక సీసా త్రాగినందున అపాయము కలుగదని మేమును ఒప్పుకొనుచున్నాము. భేదము త్రాగు తీరులో ఉన్నది. వేడి కాఫీని నెమ్మదిగా చప్పరింతుము. చల్లని తీపి సీసాను గటగట త్రాగి, వెంటనే మరొకటి తెరతుము. దానికి ముందు వెనుకల టీలు, కాఫీలు ఉండనే ఉన్నవి. పంచదార సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తమునకు మేలని సూచించినది సుమారు 25 గ్రాములు. తీపి హెచ్చుగా నున్న ఒక్క డబ్బాయే దానిని దాటును. మన దేశములో 10 కోట్ల మందికి పైగా మధుమేహులు ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ సర్వే తెలిపిన తరువాత ఇది చిన్న విషయము కాదు.

పిల్లల విషయము మరింత గంభీరమైనది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో సూచించిన ప్రకారము వారికి కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు హద్దు. 40 కిలోల బాలునికి 120 మిల్లీగ్రాములు. గాఢమైన సీసా ఒకటి, టీ రెండు కప్పులు త్రాగిన అతడు ఆ హద్దును దాటును. అందుచేతనే లిథువేనియా 2014లోను, పోలండు 2024 జనవరి నుండియు 18 సంవత్సరముల లోపువారికి ఈ పానీయముల విక్రయమును నిషేధించినవి. మన దేశములో 2025లో పంజాబు ప్రభుత్వము పాఠశాలల క్యాంటీనులలోను, వాని సమీపమునను వీని అమ్మకమును ఆపినది.

లేబులు చదువుట వలన ఏమి జరుగునని సందేహించువారికి ఒక ఉదాహరణము. అతిసారములో ప్రాణము నిలుపు ఓ.ఆర్.ఎస్. పేరును తీపి పానీయముల డబ్బాలపై వాడుటను వ్యతిరేకించుచు హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ అనేక సంవత్సరములు పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో ఆ పేరును అట్లు వాడరాదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించినది. ఓ.ఆర్.ఎస్., ఆటగాండ్రు త్రాగు లవణ పానీయము, శక్తి పానీయము ఈ మూడును వేర్వేరు. ఎండలో ఆడి చెమటోడ్చినవానికి కావలసినది నీరు, ఉప్పు. కెఫీన్ కాదు.

7. విద్యార్థులకు కొన్ని సూచనలు

దినము మొత్తముపై త్రాగిన టీ, కాఫీ, సీసాలను కలిపి లెక్కింపవలెను. సాయంకాలము తరువాత కెఫీన్ మానవలెను. ఇప్పటికే అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినచో మరునాడు తలనొప్పి, చికాకు కలిగి కొన్ని దినములుండును. కావున వారము పదిదినములలో క్రమముగా తగ్గించుట మంచిది. మద్యముతో కలిపి త్రాగుట మిక్కిలి ప్రమాదకరము. కెఫీన్ మత్తును కప్పివేయునే గాని తగ్గించదు. గుండెదడ, రొమ్ము నొప్పి, స్పృహ తప్పుట కలిగినచో ఆలస్యము చేయక తిరుపతిలోని రుయా, స్విమ్స్ వంటి ఆసుపత్రులకు పోవలెను. ఏమి త్రాగినదీ డాక్టరుకు దాచక చెప్పవలెను.

ఇటీవలి సంవత్సరములలో రంజాన్ మాసము ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చి పరీక్షల కాలముతో కలియుచున్నది. సహరీ వేళ ఇట్టి సీసా త్రాగి రోజా ఉండుట తగదు. మిగిలిన కొద్ది నిద్రయు చెడును. షాబాన్ మాసములోనే కెఫీన్ తగ్గించుకొన్నచో రోజా వేళ తలనొప్పి బాధ తగ్గును. సహరీలో నీరు, పెరుగు, నెమ్మదిగా జీర్ణమగు ఆహారము, ఇఫ్తారులో ఖర్జూరము, నీరు చాలును.

మన సీమ పానీయములు ఏమి తక్కువ? 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. రాగి జావ, ఉప్పువేసిన మజ్జిగ, నిమ్మరసము, తక్కువ తీపితో నన్నారి షర్బత్ మన ఎండలకు తగినవి. ఇవి నిద్రను దొంగిలింపవు.

8. కళాశాల కమిటీ పెద్దలకు మనవి

కమిటీ వారు ఈ క్రింది విషయములను ఆలోచింపవలెనని వినయపూర్వకముగా కోరుచున్నాము. క్యాంటీనులో కెఫీన్ కలిపిన సీసాల అమ్మకమును మానిపించి, అదే ధరకు లేక అంతకు తక్కువకు మజ్జిగ, రాగి జావ లభించునట్లు చూడవలెను. వేసవిలో ప్రతి అంతస్తునందు చల్లని మంచినీరు ఉండవలెను. ఎన్.ఎస్.ఎస్. విభాగము ద్వారా సంవత్సరమునకు ఒకసారి రక్తపోటు పరీక్ష జరిపించి, సీసాలపై హెచ్చరికలను తెలుగు, ఉర్దూ భాషలలో పెద్ద అక్షరములతో నోటీసు బోర్డుపై వ్రాయింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అంతర్గత పరీక్షలను ఒకే వారములో క్రిక్కిరియ నుంచక కొంత ఎడముతో నిర్వహించినచో, రాత్రి మేలుకొనవలసిన అగత్యమే తగ్గును. విద్యార్థి సీసాను ఆశ్రయించుటకు కారణము రుచి మాత్రమే కాదు, భయము కూడ. ఆ భయమును తగ్గించుట పెద్దల చేతిలో ఉన్నది.

మన కళాశాలలో చదువువారిలో అనేకులు తమ ఇంటిలో మొదటిసారి డిగ్రీ మెట్టు ఎక్కినవారు. పగలు దుకాణములోనో, కుట్టుమిషను వద్దనో, పొలములోనో పనిచేసి రాత్రి చదువువారును కలరు. వారికి ప్రతి మార్కు విలువైనదే. అందుచేతనే ఈ విషయమును ఇంతగా చెప్పవలసి వచ్చినది. సుబ్బారావుగారు వెల్లడించిన ఆ శక్తి భోజనము నుండి పుట్టును, అలసిన మెదడు నిద్రలో తేరుకొనును. అది 20 రూపాయల సీసాలో దొరకదు. పరీక్షకు ముందురాత్రి ఏడు గంటలు నిద్రించి, ఉదయము కడుపునిండ తిని రావలసినదిగా విద్యార్థి మిత్రులకు మా మనవి.